సెసేన్యాకు ఏదీ జంటగా రాదు

మాడ్రిడ్‌కు దక్షిణంగా ఓ 35 కిలోమీటర్లు వెళ్తే, తొలేదో జిల్లా అంచున సెసేన్యా అనే ఊరుంది. ఆ ఊరి చరిత్రను కుర్చీ కదలకుండా లోతుగా పరిశోధించి నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. ఇక్కడికి ఒకటి వస్తే, దానితో రావాల్సిన రెండోది రాదు.

1936 అక్టోబర్ 29 సంగతే తీసుకోండి. స్పెయిన్ అంతర్యుద్ధం రోజులు. అప్పటి రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున సోవియట్ టి-26 ట్యాంకులు ఊళ్లోకి దూసుకొచ్చాయి. ఆ ప్రభుత్వంపై తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో సైనికులు మొదట వాటిని తమకు సాయం వచ్చిన ఇటలీ ట్యాంకులు అనుకున్నారట. ట్యాంకులు తమ పని బాగానే చేశాయి గానీ, వెనకాల రావాల్సిన కాల్బలం రాలేదు. ఇంకేముంది, పెట్రోలు సీసాలు విసిరి కొన్నింటిని తగలబెట్టారు. ఆ సీసాలకు మొలొటోవ్ అన్న పేరు తర్వాతెప్పుడో ఫిన్లాండ్ వాళ్లు పెట్టారు. చూశారా, సీసాలొచ్చాయి, పేరు రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఊరు బుద్ధిగా ఉంది. 2000 దాటాక ఫ్రాన్సిస్కో ఎర్నాందో దిగాడు. మురుగుకాలువల పనితో మొదలెట్టి బిల్డర్‌గా ఎదిగిన మనిషి, అందుకే అందరికీ 'ఎల్ పోసేరో', అంటే బావులూ మురుగుకాలువలూ తవ్వేవాడు. ఊరికి దూరంగా, ఎల్ కిన్యోన్ అనే చోట ఏకంగా 13,508 ఫ్లాట్లు కడతానన్నాడు. అమ్మానాన్నలకు విగ్రహం, భార్య పేరిట పార్కు, పార్కులో చెరువు కూడా అమర్చాడు. 'ఆలు లేదు, చూలు లేదు' అనడానికి వీల్లేదు, ఆలి ఉంది, ఆవిడ పేరు మీద పార్కూ ఉంది, లేనిదల్లా జనమే. 2008లో మార్కెట్ కుప్పకూలి, కట్టడం దాదాపు ఐదు వేల దగ్గర ఆగిపోయింది.

దగ్గర్లోనే పాత టైర్ల గుట్ట. టైర్లొచ్చాయి, రీసైక్లింగ్ రాలేదు. ఒకటా రెండా, 50 లక్షల దాకా ఉంటాయని అంచనా. గుట్టేమో సగానికి పైగా తొలేదో జిల్లా ఉన్న కాస్తీయా-లా మాంచా ప్రాంతంలో, మిగతాది మాడ్రిడ్ ప్రాంతంలో, కాబట్టి అది ఎవరి గుట్టో తేలేసరికి 2016 మే 13న అంటుకుంది. పొగ మాత్రం ఏ ప్రభుత్వం అనుమతీ అడక్కుండా రెండు వైపులా తిరిగింది. ఎల్ కిన్యోన్ నుంచి వేలమందిని ఖాళీ చేయమన్నారు. ఆ ఫ్లాట్లలో మనుషులుంటున్నారన్న సంగతి చాలామందికి తెలిసింది అప్పుడే!

ఇప్పుడు జనాభా 30 వేల దరిదాపుల్లో ఉంది, జనం వచ్చేశారుగా, నీ సిద్ధాంతం గోవిందా అంటారేమో. వచ్చారు సరే, ఉద్యోగాలేవీ? పొద్దున్నే ఏ-4 రోడ్డెక్కి చూడండి, సగం ఊరు కార్లలో మాడ్రిడ్ వైపు పాక్కుంటూ పోతుంటుంది. పోసేరో గారి అమ్మానాన్నలు మాత్రం ఎక్కడికీ వెళ్లరు.