డాబా మీది బాయిలరు

(విజయవాడ పటమటలో ఒక ఇంటి డాబా. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైన సుబ్బారావు, అమెరికా నుంచి సామానంతా కంటెయినరులో వేయించుకొని తిరిగి వచ్చేసిన ఆయన బావమరిది ప్రసాదు, కట్టెపొట్టు గుళికలతో మాంసం కాల్చే ఒక నల్లటి పెల్లెట్ గ్రిల్లుకు చెరోవైపు నిలబడి ఉన్నారు. మసాలా పట్టించిన పొట్టేలు తొడ కింద ఫ్రిజ్‌లో ఉంది. అది ఎప్పుడు డాబా ఎక్కాలో నిర్ణయించే అధికారం అక్కయ్యగారిది, అంటే ప్రసాదుకు అక్క, సుబ్బారావుకు భార్య అయిన ఆవిడది.)

సుబ్బారావు: దీన్ని ఎంతకు కొన్నావో ముందు చెప్పు. దీనికి ఇంకా ఎంత తగలేయబోతున్నావో తరువాత చెప్పు.

ప్రసాదు: నాలుగు వందల డాలర్లలోపే కొన్నాను, బావగారూ. చవకరకం కాబట్టే కొన్ని మార్పులు అవసరమయ్యాయి. వేడిని అదుపు చేసే పీఐడీ కంట్రోలరు, మూత సందు పూడ్చే గ్యాస్కెట్టు, పోత ఇనుప పెనం, అదనపు పొగ కోసం లోపల పెట్టే పొగ గొట్టం, పైన కప్పడానికి ఇన్సులేషను దుప్పటి...

సుబ్బారావు: చారాణా కోడికి బారాణా మసాలా అన్నమాట.

ప్రసాదు: ఆ మాట మీరు అంటారని తెలిసే బిల్లులు మీకు చూపించలేదు.

సుబ్బారావు: అక్కయ్యకు చూపించావుగా, అది చాలు. అయినా ఇందులో అంత బ్రహ్మవిద్య ఏముందోయ్? తొట్టిలో కట్టెపొట్టు గుళికలు పోస్తావు, అడుగున మరచుట్టు తిరిగి వాటిని నిప్పు గిన్నెలోకి తోస్తుంది, వేడెక్కిన కడ్డీ అంటిస్తుంది, ఫ్యాను గాలి కొడుతుంది. ఫీడరు, ఫర్నేసు, గాలి నెట్టే ఎఫ్‌డీ ఫ్యాను. నా సర్వీసంతా చూసిందే ఇది. మేము దానితో ఊళ్లకు కరెంటు ఇచ్చాము, నువ్వు మాంసం కాలుస్తున్నావు, అంతే తేడా.

ప్రసాదు: అమెరికాలోని ఒరెగాన్‌లో ట్రేగర్ అనే ఆయన 1986లో దీనికి పేటెంటు తీసుకొన్నప్పుడు మిమ్మల్ని సంప్రదించకపోవడం పొరపాటే. ఆ పేటెంటు 2006లో ముగిసిన తరువాతే మిగతా కంపెనీలు రంగంలోకి దిగి చవకరకాలు తయారు చేశాయి. పద్ధతి అదే, తేడా రేకు మందంలోనూ కంట్రోలరులోనూ ఉంటుంది.

సుబ్బారావు: తేడా ఇంకొక చోట కూడా ఉంది. నిన్న నువ్వు నిద్రపోతుండగా అడుగు మూత విప్పి మోటారు మీద చీటీ చదివాను. 120 వోల్టులు, 60 హెర్ట్జులు, నిమిషానికి 2 చుట్లు అని ఉంది. మన ఇంట్లో ఉన్నది 230 వోల్టులు, 50 హెర్ట్జులు.

ప్రసాదు: అందుకే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను కదా!

సుబ్బారావు: ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గిస్తుంది గాని హెర్ట్జులను ముట్టుకోదు నాయనా. ఇలాంటి ఏసీ మోటారు వేగం హెర్ట్జులను పట్టి ఉంటుంది కాబట్టి నీ మరచుట్టు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా, అంటే నిమిషానికి ఒకటీ ముప్పావు చుట్టు కూడా సరిగ్గా తిరగకుండా, గుళికలను తక్కువగా తోస్తుంది. ఫ్యానూ అలాగే బద్ధకిస్తుంది. పోయిన ఆదివారం వేడి ఎక్కడం లేదని మాంసం కొట్టువాణ్ణి తిట్టావు చూడు, అతని తప్పేమీ లేదు.

(ప్రసాదు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ఓడిపోయినవాడి ముఖం కాకుండా, మూలన దాచిన పెట్టె తీస్తున్నవాడి ముఖం పెట్టాడు.)

ప్రసాదు: అయితే నేను మొదటినుంచీ చెబుతున్నదే మీరు రుజువు చేశారు. దీనితో వచ్చిన పాత కంట్రోలరుకు గడియారం తప్ప వేరే జ్ఞానం లేదు. తక్కువ వేడి పెడితే మరచుట్టును పదిహేను సెకన్లు తిప్పి, నిమిషానికి పైగా ఆపి, మళ్లీ పదిహేను సెకన్లు తిప్పుతుంది. అందుకే 225 ఫారెన్‌హీటు, అంటే మన 107 సెల్సియస్, పెట్టినా అది పాతిక డిగ్రీల ఫారెన్‌హీటు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. పీఐడీ మాత్రం వేడిని కొలిచి, ఎంత తక్కువైంది, ఎంతసేపటినుంచి తక్కువైంది, ఏ వేగంతో మారుతోంది అనే మూడు లెక్కలూ కట్టి, తిప్పే సమయాన్ని తానే పెంచుకొంటుంది. మీ 50 హెర్ట్జుల వల్ల మోటారు మందగిస్తే, అది ఇంకొంచెం ఎక్కువసేపు తిప్పుతుంది.

సుబ్బారావు: (బలవంతంగా) ఆ ఒక్కటీ కొనదగిన వస్తువే.

ప్రసాదు: అక్కయ్యా, విన్నావా!

సుబ్బారావు: కేకలు వేయకు. వేడిని కొలిచే నీ పాత ఆర్‌టీడీ ప్రోబు దానికి సరిపోతుందో లేదో చూశావా? పీటీ 100 అయితే సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, పీటీ 1000 అయితే 1000 ఓములు చూపాలి. ఒకదానికి బదులు ఇంకొకటి తగిలిస్తే నీ పీఐడీ మూడు లెక్కలూ తప్పే కడుతుంది.

ప్రసాదు: మల్టీమీటరు పెట్టి చూశాను. పొద్దున ముప్పై డిగ్రీల వేళ 1117 ఓములు చూపింది. పీటీ 1000 అనే కదా?

సుబ్బారావు: (ఆ అంకెలో తప్పు దొరకనందుకు నొచ్చుకొని) అంతే. కాని ఆ ప్రోబు పక్క గోడకు అతుక్కొని ఉంది. మాంసం ఉండేది మధ్య జాలీ మీద. అక్కడ వేరే ప్రోబు ఒకటి తగిలించి, దాన్ని ముందు మరిగే నీళ్లలో ముంచి 100 చూపుతుందో లేదో తేల్చుకో. విజయవాడ కొండమీది ఊరేమీ కాదు, ఇక్కడ నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి. ఇక గ్యాస్కెట్టు సంగతి. మూతలో సందు ఎక్కడుందో నీకు తెలుసా?

ప్రసాదు: చుట్టూ ఉంటుంది.

సుబ్బారావు: అలా గుడ్డిగా అతికించకు. మీ అక్కయ్య పూజగదిలోంచి నాలుగు అగరువత్తులు తెచ్చి లోపల వెలిగించి మూత వేశాను. ఎడమవైపు మడతబందు దగ్గర పొగ దారంలాగా సన్నగా నిలువుగా లేచింది, ముందు అంచు మీద మాత్రం పొరలు పొరలుగా పొంగింది. మూతే వంకరపోయింది. ముందు రెండు గొళ్లాలు బిగిస్తే సగం సందు పూడుతుంది, మిగిలిన చోట తాడు పెడదాము. నా దగ్గర పాత ఆస్‌బెస్టాస్ తాడు చుట్ట ఉంది.

ప్రసాదు: బావగారూ, తినే వస్తువు దగ్గర ఆస్‌బెస్టాసా? ఆ నూగు పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సరు వస్తుంది. ఆ చుట్టను ఇంట్లో ఎందుకు ఉంచారు అసలు?

సుబ్బారావు: ఎప్పుడైనా పనికివస్తుందని ఉంచాను.

ప్రసాదు: పనికిరాదు. దాన్ని విప్పకుండా, దులపకుండా సంచీలో మూటగట్టండి. దీనికి నిప్పుకు తేలికగా అంటుకోని నోమెక్స్ ఫెల్టు పట్టీ ఉంది, అతికించడానికి వేడికి తట్టుకొనే ఫుడ్ గ్రేడ్ సిలికాను ఉంది. అంచు మీది జిడ్డును అసిటోనుతో తుడవకపోతే మూడో వంటకే పట్టీ ఊడిపోతుందని, అతికించాక ఒక రోజంతా ఆరనివ్వాలని కూడా నేర్చుకొన్నాను.

సుబ్బారావు: సరే. పొగ బయటికి పోయే చిమ్నీ మాత్రం పూడ్చకు. గాలి పోయే దారి లేకపోతే నిప్పు ఊపిరాడక చస్తుంది. ఇక ఆ దుప్పటి ఎందుకు?

ప్రసాదు: మిన్నెసోటాలో మంచు కురిసేటప్పుడు కప్పుతారు.

సుబ్బారావు: పటమటలో కూడా అప్పుడే కప్పుదువుగాని.

(దుప్పటి ఆ క్షణంలోనే వాదంలోంచి తప్పుకొంది. డబ్బు పెట్టి కొన్నది కాబట్టి ప్రసాదు దానిని మడిచి చంకలోనే ఉంచుకొన్నాడు.)

సుబ్బారావు: దానికి బదులు వేడిని పట్టి ఉంచే ఫైర్ ఇటుకలు రెండు రేకు మీద, గాలికి అడ్డం రాకుండా, పక్కలకు పెట్టు. వేడెక్కడం ఆలస్యమైనా, నువ్వు నిమిషానికొకసారి మూత తెరిచి చూసే జబ్బుకు అదే మందు. పొగ గొట్టానికి చిల్లులు పొడిచిన స్టీలు గొట్టం ఆటోనగర్‌లో కోయించుకొందాము. గాల్వనైజ్డు గొట్టం ఇస్తామంటే వద్దను. వేడికి జింకు పొగ వస్తుంది. మరి గుళికలు? మా వైపు బాయిలర్లలో వేసే వేరుశనగ పొట్టు గుళికలు చవకగా దొరుకుతాయి.

ప్రసాదు: వాటిలో ఏ చెత్త కలిసిందో ఎవరికి తెలుసు? మంట కోసం చేసినవి కూర కోసం పనికిరావు. తెచ్చుకొన్న కట్టె గుళికలనే జాగ్రత్తగా వాడాలి. కృష్ణ ఒడ్డున ఈ తేమకు అవి ఉబ్బి పొడి అయిపోతే మరచుట్టు ఇరుక్కొంటుంది. అందుకే గాలి చొరని డబ్బాలో పోశాను.

సుబ్బారావు: ఏ డబ్బాలో?

ప్రసాదు: ...బియ్యం డబ్బాలో.

సుబ్బారావు: మరి బియ్యం?

ప్రసాదు: బక్కెట్లో ఉన్నాయి. అక్కయ్య ఇంకా చూడలేదు.

(అంతలో కరెంటు పోయింది. గ్రిల్లులో ఫ్యాను గొణుగుడు ఆగిపోయింది.)

సుబ్బారావు: ఇది అసలు ప్రమాదం. ఫ్యాను ఆగితే నిప్పు గిన్నెలోని రవ్వ మరచుట్టు వెంట వెనక్కి పాకి తొట్టిని అంటుకోవచ్చు. ఇన్వర్టరుకు కలుపుదాము, మనది మోటార్లకు సరిపడే సైన్ వేవే.

ప్రసాదు: మోయగలదా?

సుబ్బారావు: అంటించే కడ్డీ మొదటి కొద్ది నిమిషాలే మూడు వందల వాట్లు తింటుంది. అది అయిపోయింది. ఇక మోటారూ, ఫ్యానూ, ట్రాన్స్‌ఫార్మరు మింగేదీ కలిపినా ఒక సీలింగు ఫ్యానుకు మించదు. కింద ఒక్క ఫ్యాను ఆపితే సరి.

ప్రసాదు: మీ గదిలోది ఆపండి.

సుబ్బారావు: నాకు మధ్యాహ్నం కునుకు పడదు. అతిథి గదిలోది ఆపు.

ప్రసాదు: ఈ ఇంట్లో నేను అతిథిని కానని, పాలు తేవడం నా వంతేనని మీరే అన్నారు.

సుబ్బారావు: అయితే హాల్లోది.

ప్రసాదు: హాల్లో అక్కయ్య ఉంది. మీరే వెళ్లి ఆపండి.

సుబ్బారావు: నేను ఇక్కడ రవ్వను కనిపెట్టుకొని ఉండాలి. నువ్వు వెళ్లు. వెళ్లేటప్పుడు ఆ బక్కెట్టు మీద మూత పెట్టు.