ఇన్-డెప్త్ ఇంటర్వ్యూ అట, అయిదు నిమిషాలల్ల అయిపోతదట

పొద్దుగాల చాయ్ గ్లాసు పట్టుకొని ఫోన్ తెరిస్తే రీసెర్చ్ స్కాలర్ల గ్రూపుల ఒక గూగుల్ ఫామ్ లింకు. పైన లావు అక్షరాలల్ల "ఇన్-డెప్త్ ఇంటర్వ్యూ: గ్రామీణ మహిళలు, సోషల్ మీడియా వినియోగం". కింద "మీ అమూల్యమైన 5 నిమిషాలు కేటాయించగలరు". లోపటికి పోతే 15 ప్రశ్నలు. పదమూడింటికి అవును, కాదు, చెప్పలేను అని మూడు గుండ్రాలు. మిగిలిన రెండు వయసు, చదువు. అయిపాయె. లోతు అయిపాయె. కింద చప్పట్ల బొమ్మలు, "ఆల్ ద బెస్ట్ అన్నా" అని వరుసగ దీవెనలు.

అయిదు నిమిషాలల్ల ఎంత లోతుకు పోతవ్ తమ్మీ? మా దిక్కు బోరు బండోడు గూడ అట్ల మాటియ్యడు. ఇంకో ముచ్చట, ఆ గ్రూపుల గ్రామీణ మహిళ ఒక్కతన్న ఉన్నదా? నింపేది హాస్టల్ పోరగాండ్లు. "మీరు గృహిణియా?" అన్న కాడ గడ్డం గోక్కుంట ఏం నొక్కుతాండ్లో ఆ దేవునికెరుక.

దీన్ని సర్వే అంటరు. సర్వేకు దాని మర్యాద దానికున్నది, నేను కాదంటలేను. గని దానికి ఇంటర్వ్యూ అని పేరు పెట్టి, థీసిస్ మూడో చాప్టర్ల "గుణాత్మక పద్ధతి అనుసరించబడినది" (లెక్కలు గాదు, మాటలను తరచి చూసే పద్ధతి) అని రాసి, నాలుగో చాప్టర్ల శాతాల గుండ్రటి బొమ్మలు, అదే పై-చార్టులు, అతికిస్తే? ఉప్మా పెట్టి బగారన్నం బిల్లేసినట్టున్నది.

ఇంటర్వ్యూకు కావాల్సింది ఒక్క కాగితం. దాని మీద 8, మస్తయితే 10 ప్రశ్నలు. ఒక్కటి గూడ అవును-కాదుతోని తెగిపోవద్దు. మొదటిది మరీ సులువుగ ఉండాలె: "నిన్న పొద్దుగాల లేచినకాంచి ఫోన్ ఎప్పుడెప్పుడు పట్టుకున్నరో జర చెప్పుండ్రి." అట్ల గాకుంట "మీ జీవితంపై సోషల్ మీడియా ప్రభావం ఏమిటి" అని మొదలువెడితే, ఆమె టీవీల మాట్లాడినట్టు "మంచీ ఉన్నది, చెడూ ఉన్నది సారు, మనం వాడుకునేదాన్ని బట్టి" అంటది. ఇగ ఆ ఇంటర్వ్యూ అక్కడ్నే సచ్చింది. "ఎందుకు" అని నేరుగ అడిగితే పోలీసోళ్లు అడిగినట్టుంటది. "అప్పుడేమైంది", "తర్వాత ఏం జేసిండ్లు" అని తీస్కపోవాలె. ఆమె మాట ఆపంగనే రెండో ప్రశ్నకు దుంకద్దు, అయిదారు సెకండ్లు నోరు మూస్కొని కూసోవాలె. అసలు మాట ఆ సప్పుడు లేని జాగల్నే వస్తది. ముందుగాల ఇద్దరితోని చేసి చూసి, ఏ ప్రశ్న కాడ తట్టుకుంటుందో దాన్ని మార్చుకొని అప్పుడు అసలు పనికి దిగాలె. ఒక్కొక్కదానికి గంట, గంటన్నర పడ్తది.

కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు బీడీలు చేసే అక్కల మీద పరిశోధన అనుకోండ్రి. అక్కడ కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆమెను పంచాయతీ ఆఫీసుకు పిలిచి కుర్చీల కూసోబెడితే ఆ గంట కూలి ఎవరిస్తరు, నీ గైడా? ఆమె ఒళ్లె చాట పెట్టుకొని తునికాకు కత్తిరించుకుంట మాట్లాడతది, నువ్వే పోయి వాకిట్ల కింద కూసోవాలె. రికార్డర్ చాటకు మూరెడు అవతల పెట్టాలె, లేకపోతే రాత్రి వింటే కత్తెర చప్పుడు తప్ప మాట ఉండది. కూలర్ తిరుగుతుంటే జర బంద్ చెయ్యమనాలె. ఇంకో ఫోన్ల గూడ రికార్డు పెట్టుకోవాలె, ఒకదాంట్ల చార్జింగ్ అయిపోతది, అది రాసిపెట్టుకున్నదే.

ఇప్పుడు తమ్ముని ఫామ్ అక్కడ పెట్టుండ్రి. స్మార్ట్‌ఫోన్ ఉందా? అవును. వాట్సాప్ కాల్ వాడతారా? కాదు. అంతే, ఆమె "తక్కువ వినియోగం" గడిల పడిపాయె. అదే నిదానంగ అడిగితే వచ్చే జవాబు ఇసొంటిది: "ఫోన్ నాదే సారు, మా ఆయన దుబాయి కాంచి పంపిండు. దాంట్ల ఏమొచ్చినా మా పోరడే సదివి చెప్తడు. వాడు బడికి పోతే గది గీ చాట పక్కన పడుంటది." దుబాయిల వాట్సాప్ కాల్ నడవది, అందుకే గల్ఫ్ ఇండ్లల్ల కాల్‌కు వేరే యాప్. రోజూ రాత్రి మొగనితోని మాట్లాడేది దాంట్లనే, ఫామ్‌ల దాని పేరే లేదు. ఆ జవాబుకు నువ్వు పెట్టాల్సిన కోడ్, అంటే ఆ మాట సారానికి పెట్టే చిన్న పేరు, "స్మార్ట్‌ఫోన్ వినియోగం" గాదు, "ఫోన్ ఆమెది, చదువు కొడుకుది". ఆ వెంటనే అడగాల్సింది, "మరి వాడు బడిల ఉన్నప్పుడు మెసేజ్ వస్తే?" ఈ ప్రశ్న ఏ కాగితం మీద ఉండది, ఆమె నోట్ల నుంచే పుడ్తది. ఫామ్‌కు చెవులున్నయా పుట్టడానికి?

ఫోకస్ గ్రూప్ ముచ్చట ఎత్తితే ఇంకా సిగ్గు. ఆరుగురు, ఎనిమిది మంది ఉండాల్సిన కాడ ముప్పై మందిని స్కూల్ల జమ చేస్తరు, మధ్యల మహిళా సంఘం లీడర్ కుర్చీ. ఆమె చెప్పుడు, మిగిలినోళ్లు తలకాయ ఊపుడు. దాన్ని గ్రూప్ డిస్కషన్ అనరు, మీటింగ్ అంటరు. లీడర్ అక్కతోని వేరే మాట్లాడాలె, గ్రూపుల ఒక్కతీరు మనుషులను కూసోబెట్టాలె, నడిపిచ్చేటోళ్లు ఒకరు, ఎవరు ఏ జాగల కూసున్నరో గీసుకొని రాసుకునేటోళ్లు ఒకరు. రాసుకోకపోతే రికార్డింగ్‌ల ఏ గొంతు ఎవరిదో వారం తర్వాత గుర్తువట్టలేవు.

ఇంత చేసినోడు గూడ వైవాకు, అంటే థీసిస్ మీద నోటి పరీక్షకు, పోతే ఏమైతది? "పద్దెనిమిది మందేనా? 384 ఉండాలె గదా?" ఈ 384 మన డిపార్ట్‌మెంట్లకు పట్టిన శని. 1970ల క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు సర్వేకు ఎంతమంది కావాల్నో ఒక పట్టిక వేసిండ్లు. జనాభా లక్షయినా పది లక్షలైనా, 95 శాతం నమ్మకంతోని అటిటు 5 శాతం తేడాల ఒక నిష్పత్తి చెప్పాలంటే 384 మంది చాలని. అదీ చీట్లు తీసినట్టు ఎంచుకుంటేనే. జిల్లాల ఎంతమందికి ఫోనున్నదో తెల్వాలంటే ఆ పట్టిక పనికొస్తది. సొంత ఫోన్ చేతుల ఉండి పరాయిది ఎట్లయితదో తెల్వాలంటే అది ఏం జేస్తది?

కొందరు హుషారుగాండ్లు 384 ఇడిచిపెట్టి 12 పట్టుకున్నరు. 2006ల గెస్ట్, బన్స్, జాన్సన్ వ్యాసం, ఘనా, నైజీరియాల 60 మంది ఆడోళ్ల ఇంటర్వ్యూలు తీస్కొని చూస్తే 12 అయ్యేసరికే కొత్త ముచ్చట్లు చాలామటుకు ఆగినయని. ఎందుకు ఆగినయి? ఇంచుమించు ఒక్కతీరు మనుషులు, అందరికీ ఒక్కతీరు ప్రశ్నలు. మనోడు సాంచాల (మరమగ్గాల) కార్మికుడు, లెక్చరర్, కిరాణా సేటు, డిగ్రీ పోరి, నాలుగు దిక్కులోళ్లను ఏరుకొచ్చి, పన్నెండోది కాంగనే "సాచురేషన్ సాధించబడినది", అంటే ఇగ కొత్తది రాదు, అంటడు. అదేమన్న హన్మకొండ బస్సా, టైముకు వచ్చుడు? పదమూడో మనిషితోని మాట్లాడి కొత్తది రాలేదని చూపెట్టు, అప్పుడు ఒప్పుకుంట.

"క్రోన్‌బాక్ ఆల్ఫా ఎంతొచ్చింది?" అని అడిగేటోళ్లు గూడ ఉన్నరు, దండం. ఆల్ఫా 1951ల స్కేళ్ల కోసం వచ్చింది, ఒకే సంగతి కొలిచే ప్రశ్నల జవాబులు ఒకదానితోని ఒకటి పొసుగుతున్నయా అని చూసేటందుకు. మనసు విప్పి చెప్పిన మాటకు ఆల్ఫా అడుగుడంటే డప్పు లీటరుకు ఎంత మైలేజి ఇస్తదని అడిగినట్టే. లింకన్, గుబా అనే పరిశోధకులు 1985ల్నే చెప్పిండ్లు వీటికి వేరే కొలతలున్నయని. అవి అడుగుండ్రి సారు. ఫీల్డ్ డైరీ ఏది? రాసింది ఆ మనుషులకు వినిపించినవా? నీ వాదానికి ఎదురొచ్చిన మనిషిని ఏడ దాచినవ్? ఎవరడుగుతరు, చాయ్ సల్లారుతది.

ఇగ థీమ్‌ల సంగతి, అంటే అన్ని మాటలల్ల నుంచి తేలే అసలు ముచ్చట్లు. బ్రాన్, క్లార్క్ 2006ల ఆరు మెట్లు చెప్పిండ్లు. డేటాను మళ్ల మళ్ల చదువుడు, కోడ్లు పెట్టుడు, కోడ్లను కలిపి థీమ్‌లు అల్లుడు, వాటిని డేటాతోని సరిచూసుడు, పేరు పెట్టుడు, రాసుడు. మనోళ్లు మొదటిది, నాలుగోది మింగేస్తరు. వచ్చే థీమ్‌లు ఏంది? "సోషల్ మీడియా ప్రయోజనాలు", "సోషల్ మీడియా నష్టాలు". అవి థీమ్‌లు గావు తమ్మీ, నీ ప్రశ్నలే తిరిగొచ్చినయి. థీమ్ అంటే ఏదో ఒక మాట అనాలె, దాన్ని ఇంకొకరు కాదనగలగాలె. "ఎన్‌వీవో సాఫ్ట్‌వేర్ల పెట్టిన సార్" అంటరు మళ్ల. సాఫ్ట్‌వేర్ బీరువా అసొంటిది, నువ్వు మడతవెట్టిన బట్టలే దాంట్ల ఉంటయి. టాగెట్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగ వస్తది, దాంతోని గూడ ఇదే పని అయితది.

ఇగ ఎత్నోగ్రఫీ, అంటే మనుషుల నడుమ ఉండి చూసి రాసే పద్ధతి. రెండేండ్లకోసారి మేడారం జాతర రాంగనే యాభై మంది పరిశోధకులు మొలుస్తరు. ఆర్టీసీ బస్సెక్కి, నిలువెత్తు బంగారం (మొక్కుబడి బెల్లం) పట్టుకొని సెల్ఫీ దిగి, మూడోనాడు ఇంటికొచ్చి "పార్టిసిపెంట్ అబ్జర్వేషన్" అని రాస్తరు. కోయ పూజారులు మిగిలిన ఏడాదంత ఎట్ల బతుకుతరో, జాతర కబురు వాళ్ల ఊర్లల్ల ఎట్ల నడుస్తదో చూసినోడు ఎవడు? 1975-76ల సైట్ (SITE) అనే ప్రయోగంల ఉపగ్రహం నుంచి 2,400 ఊర్లకు టీవీ చూపెట్టినప్పుడు పరిశోధకులను ఊర్లల్లనే కాపురం ఉంచిండ్లు. అది నడిచిన ఆరు రాష్ట్రాలల్ల అప్పటి మన ఆంధ్రప్రదేశ్ గూడ ఉన్నది. యాభై ఏండ్ల కింద తెలిసిన పని ఇప్పుడు మర్చిపోయినం.

సరే, గూగుల్ ఫామ్ పోరని మీద గింత ఎగురుడు ఎందుకంటే, అసలు నా కడుపుమంట వేరే ఉన్నది.

ట్రాన్‌స్క్రిప్ట్‌లు చదివిండ్లా ఎన్నడన్న? ములుగు దిక్కు ముసలామె, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడు, సిరిసిల్ల సాంచాల కాడ పనిచేసేటాయన, అందరు ఒక్క గొంతుతోని మాట్లాడ్తరు: "మేము అనేక సమస్యలను ఎదుర్కొన్నాము. సామాజిక మాధ్యమములు మాకు ఎంతగానో ఉపకరించుచున్నవి." ఏ బాయి కార్మికుడు "ఉపకరించుచున్నవి" అన్నడో చూపెట్టుండ్రి, పోయి కాళ్లు మొక్కుత.

ఆయన అన్నది "కరోనల ఆగమైనం సారు" అని. ఆగం. దిక్కు తెల్వకపోవుడు, ఉన్నది చెదిరిపోవుడు, అడిగేటోడు లేకపోవుడు, మూడూ ఆ రెండున్నర అక్షరాలల్ల ఉన్నయి. దాన్ని "ఇబ్బందులు పడ్డాము" అని టైపు చేస్తడు. తర్వాత ఇంగ్లీషుల "ప్రాబ్లమ్స్" అయితది. తర్వాత "ఆర్థిక సమస్యలు" అని థీమ్ అయితది. మనిషి మూడుసార్లు సచ్చిండు. ఆ "ఆగం"నే కోడ్‌గ పెట్టుకోవచ్చు, దానికి ఇన్-వివో కోడ్ అని ముద్దు పేరు గూడ ఉన్నది, పరీక్షల అయిదు మార్కులకు అందరు రాస్తరు. బుగులు గూడ అంతే. 2018ల పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతాండ్లని వాట్సాప్‌ల పుకార్లు లేచినప్పుడు ఊర్లల్ల ఉన్నది భయం గాదు, బుగులు. భయమైతే పారిపోతరు. బుగులైతే రాత్రి కట్టెలు పట్టుకొని ఎవడు కొత్తోడొస్తే వాని మీద పడ్తరు. ఆ తేడా తెల్వకుంట పుకార్ల మీద పీహెచ్‌డీ ఏంది?

గంట రికార్డింగ్ ఉన్నదున్నట్టు టైపు చెయ్యాలంటే అయిదారు గంటలు. గుంపు మాటలైతే ఇంకా ఎక్కువ. ఫోన్ల మాటను అక్షరాలు చేసే యాప్‌లు "ఏడికి వోయినవ్" అంటే ఏదో రాస్తయి, మళ్ల మనమే దిద్దాలె. నవ్వితే నవ్వు అని, ఆగితే ఎన్ని సెకండ్లని రాయాలె. "ఫోన్ నాదే" అని నవ్వుకుంట అన్నదానికి, ఉత్తగ అన్నదానికి నేల ఆకాశం తేడా. కోడింగ్ తెలుగుల్నే చెయ్యాలె, ఇంగ్లీషుకు మార్చాల్సింది థీసిస్‌ల ఎత్తిచూపే మాటలే, పక్కన అసలు మాట ఉంచి. ఇంత కష్టపడి ఎవడన్న ఉన్నదున్నట్టు తీస్కపోతే "భాష సరిగా లేదు, దిద్దుకురండి" అని ఎర్రపెన్ను. సర్వేల ఒకరు 3 చెప్తే 5 రాస్తే దొంగతనమంటరు. ఇక్కడ మనిషి మాటనే డేటా, దాన్ని మార్చితే "భాషా సవరణ" అట.

సినిమాల మన మాట రౌడీకో జోకర్‌కో ఇస్తే ధర్నా చేసినం. సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజని, తెలంగాణ భాషా దినోత్సవమని బొమ్మకు దండేస్తం, అదే స్టేజీ మీద "యాస కాదు, భాష" అని గొంతు చించుకుంటం. పదో తారీఖు అదే సారు ట్రాన్‌స్క్రిప్ట్‌ల "పోయినం" కొట్టేసి "వెళ్లియున్నాము" అని రాస్తడు. ఎవరు తిట్టిండ్లని ఏడుస్తున్నం మనం? ఎర్రపెన్ను మన చేతుల్నే ఉన్నది గదా.

గిది రాస్తుండంగనే ఫోన్ మళ్ల మోగింది. ఫామ్ తమ్ముడే. "ఇప్పటివరకు 41 మంది స్పందించినారు, ధన్యవాదములు. ఇంకా 343 ఇన్-డెప్త్ ఇంటర్వ్యూలు కావలసియున్నవి. దయచేసి మీ మిత్రులకు ఫార్వర్డ్ చేయగలరు."