కిరాయికి సీలింగ్ పెడితే తాళాలే ఎక్కువైతయి

మొన్న జూన్‌ల మా అన్న బిడ్డకు రూమ్ కోసం హనుమకొండల నయీంనగర్, కిషన్‌పుర, గోపాల్‌పూర్ గల్లీలన్నీ తిరిగినం. సింగిల్ బెడ్‌రూమ్‌కు 7,000, మూడు నెలల అడ్వాన్స్, కరెంటు, బోరు మోటర్ పైసలు వేరే. గోపాల్‌పూర్‌ల ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్ల పై పోర్షన్‌కు తాళం కనవడ్డది, కిటికీలకెళ్లి చూస్తే రెండు బియ్యం బస్తాలు, ఒక పాత కూలర్. అడిగితే "ఇంతకుముందున్నోళ్లు రెండేండ్లు ఖాళీ చెయ్యలె బిడ్డా, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు" అన్నది.

కిరాయిలకు సర్కారు సీలింగ్, అంటే ఇంతకంటే ఎక్కువ తీసుకోవద్దని హద్దు పెట్టాలె అని మస్తు మంది అంటున్నరు, జీతంల సగం కిరాయికే పోతుంటే అట్ల అనడం తప్పేం కాదు. కానీ ఆ తాళం చూసినంక, సీలింగ్ పెడితే ఇసొంటి తాళాలే ఇంకా పెరుగుతయేమో అని నాకు వేరే భయం పట్టుకున్నది. 1960 నాటి కిరాయి కంట్రోల్ చట్టం మనకు ఉన్నది, కాకపోతే 2005 సవరణతోని కార్పొరేషన్ ఏరియాలల్ల నెలకు 3,500 దాటిన కిరాయిలను అందులకెళ్లి తీసేసిండ్రు, అందుకే ఇప్పటి ఇండ్లకు అది పెద్దగ అక్కరకు రాదు.

గట్టిగ కంట్రోల్ పెట్టిన ఊరు చూడాలంటే బొంబాయి ఉన్నది. 1947 చట్టం పాత కిరాయిలను 1940 నాటి రేటు మీదనే ఆపింది, వచ్చే పైసలు సున్నానికి కూడా సరిపోకపోతే ఓనర్ రిపేర్లు ఎందుకు చేయిస్తడు, ఆ బిల్డింగులు వానకాలంల కూలుడు ఏండ్ల తరబడి చూస్తనే ఉన్నం. శాన్‌ఫ్రాన్సిస్కోల 1994ల చిన్న అపార్ట్‌మెంట్లకు కూడా కంట్రోల్ పెడితే లోపల ఉన్నోళ్లకు నిజంగనే లాభమైంది, అది ఒప్పుకోవాలె. అయితే స్టాన్‌ఫర్డ్ ఎకనామిస్టులు లెక్క తీస్తే, కంట్రోల్ పడ్డ ఓనర్లు ఇండ్లు అమ్ముకొని, కూలగొట్టి కట్టుకొని కిరాయి ఇండ్లను 15 శాతం తగ్గించిండ్రు, ఊరు మొత్తం మీద కిరాయి 5.1 శాతం పెరిగింది. అంటే లోపల ఉన్న కిరాయిదారుకు దొరికిన ఫాయిదా కొత్తగ వచ్చెటోడు కట్టిండు.

మన వరంగల్‌ల ఆ కొత్తగ వచ్చెటోళ్లే ఎక్కువ. కాకతీయ యూనివర్సిటీ, నిట్ ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, కోచింగ్ సెంటర్లు, ఏటా జూన్ రాంగనే వేల మంది పిల్లలు దిగుతరు. వాళ్లకు కావాల్సింది ఇంకిన్ని రూములు, యూనివర్సిటీ హాస్టళ్లల్ల ఇంకిన్ని సీట్లు.

2021ల కేంద్రం రాష్ట్రాలకు నమూనాగ ఇచ్చిన మోడల్ టెనెన్సీ (కిరాయిదారీ) చట్టంల రేటు మీద సీలింగ్ లేదు, అడ్వాన్స్ మాత్రం రెండు నెలలు దాటొద్దు, గొడవైతే రెంట్ కోర్టు 60 రోజులల్ల తేల్చాలె, గడువైనంక ఖాళీ చెయ్యకపోతే మొదటి రెండు నెలలు కిరాయికి డబుల్, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలె. గసొంటి కోర్టు హనుమకొండల నిజంగ నడిస్తే మా అన్నకు ఒక నెల అడ్వాన్స్ మిగులుతది, ఆ టీచరమ్మ కూడా బియ్యం బస్తాలు కిందికి దించుతది.