వైడాల్ టెస్టు గారికి ఒక పాత పాజిటివ్ వ్రాయునది

మహారాజశ్రీ వైడాల్ టెస్టు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలం మీ ఒక్కరి వైపే ఉన్నట్టుంది. 1896లో పుట్టారు, ఇప్పటికీ రిటైర్మెంట్ ఊసే లేదు. నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే చాలు, టైఫాయిడేమోనని "వైడాల్ చేయించారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

నాకూ ఒకసారి 1:160 అని పాజిటివ్ ఇచ్చారు. ఇంట్లో అందరికీ టెన్షన్, నాకు రెండు వారాల మాత్రలు. తర్వాత తెలిసిందేమిటంటే మీరు వెతికేది అసలు టైఫాయిడ్ క్రిమిని కాదట, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలనట. అవి ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానివి కావచ్చు, టీకావి కావచ్చు, సాల్మొనెల్లా కుటుంబంలోనే ఇంకో క్రిమివి కావచ్చు, మలేరియాకి కూడా మీరు పాజిటివ్ అన్న సందర్భాలున్నాయి. ఇంట్లో దొంగ ఉన్నాడా అని అడిగితే, పోయినేడు వేసిన తాళం చూపించి ఉన్నాడనేస్తారు. నిజంగా దొంగ పడ్డవాడు మొదటి వారంలోనే పరిగెత్తుకొస్తే మాత్రం తాళం ఇంకా పడలేదు కాబట్టి ఏమీ లేదు పొమ్మంటారు.

సరే, పరీక్షలన్నాక పొరపాట్లుంటాయి. కానీ మీ పాజిటివ్ వెనకాలే చీటీ, చీటీలో యాంటీబయాటిక్ వస్తాయి కదా. టైఫాయిడ్ లేని కడుపులోకి వెళ్లి ఆ మందు ఎవరి మీద పడుతుంది? పేగుల్లో తమ మానాన బతుకుతున్న ఈ.కొలై లాంటి క్రిముల మీద. తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకున్నవి పెరుగుతాయి, ఆ తట్టుకునే విద్య ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో ఉంటే పక్క క్రిమికి కాపీ తీసి ఇస్తాయి కూడా, ఇందులో వాటికి కులగోత్రాల పట్టింపు లేదు. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాదులో బయటపడ్డ టైఫాయిడ్ క్రిమి సెఫ్ట్రియాక్సోన్ అనే ఇంజెక్షన్ యాంటీబయాటిక్‌కి కూడా లొంగలేదు. దాని ప్లాస్మిడ్, అంతకుముందే ఈ.కొలైలో చూసినదాన్ని పోలి ఉంది. (వింత చూడండి, అక్కడి పిల్లలకు వేసిన టీకా తయారైంది ఇంకో హైదరాబాదులో, తెలంగాణలో.)

మందుల సంగతీ వినండి. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చింది, అంతకుముందు టైఫాయిడ్ పది మందిలో ఒకరిద్దరిని తీసుకుపోయేది. 1972కల్లా మెక్సికోలోనూ కేరళలోనూ ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వచ్చేసింది. 80ల చివరికి ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కూడా దాని వెంటే పోయాయి. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వంతు. సింధ్ రకానికి మింగే మాత్రల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. దానికీ లొంగని క్రిముల్లో ఒకే ఒక్క జన్యువు కాస్త మారిందని బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు 2019లో చూపించారు.

ఇదంతా మీ ఒక్కరి పాపం అననులెండి. చీటీ లేకుండా మాత్రలమ్మేవాళ్లున్నారు, కోర్సు మధ్యలో ఆపేవాళ్లున్నారు, మురుగు కలిసిన తాగునీళ్లున్నాయి. రక్తంలోని క్రిమిని పెంచి చూసే మీ దాయాది బ్లడ్ కల్చర్ కూడా మచ్చలేనివాడేం కాదు. నిదానస్తుడు, రెండు మూడు రోజులు తీసుకుంటాడు, ముందే యాంటీబయాటిక్ వేసుకుని వెళ్తే అలుగుతాడు, నిజం టైఫాయిడ్‌ని కూడా పదింటికి నాలుగుసార్లు వదిలేస్తాడు. కానీ దొరికిందంటే క్రిమి పేరు, అది ఏ మందుకు లొంగుతుందో రెండూ చెబుతాడు. మీరు 1:320 అని ఎంత గొంతు చించుకున్నా సిప్రో పనిచేస్తుందో లేదో మాత్రం చెప్పలేరు.

అన్నట్టు, మాత్రలు అయిపోయాక "ఇంకా ఉందేమో చూద్దాం" అని నన్ను మళ్లీ మీ దగ్గరికే పంపారు. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి కదా, మీరు ఎంతో నిజాయితీగా మళ్లీ పాజిటివ్ అన్నారు, డాక్టరు గారు మళ్లీ మాత్రలు రాశారు. ఆ రిపోర్టు తెచ్చుకోవడానికి నేను షటిల్ ఆట మధ్యలో ఆపి వచ్చాను.

ఇట్లు,
మీ శాశ్వత 1:160