ఆపరేషన్ అని రాయడానికి చెయ్యి రావట్లేదా?

నెల్లూరు పొగతోటలో రాత్రికి రాత్రి లేచిన ఆ ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు, ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీదా అవే, ఇంక ఫోన్లో వచ్చే రీల్స్ సంగతి సరేసరి. ఎడమ పక్క గడ్డం కింద వేలాడే చర్మం, కుడి పక్క నున్నటి మెడ, కింద పెద్ద పెద్ద అక్షరాల్లో గంటలో కొత్త మెడ, అదే రోజు ఇంటికి, పండగ ఆఫర్, వాయిదాల్లో కట్టుకోవచ్చు. మేము ఆ ఫ్లెక్సీని పైనుంచి కింద దాకా మూడుసార్లు చదివాం, ఆపరేషన్ అనే మాట ఒక్క చోట లేదు. ట్రీట్‌మెంట్ అంట, ప్రొసీజర్ అంట, ఇంకో దాంట్లో అయితే మేకోవర్ అంట. మనిషిని పడుకోబెట్టి, మత్తిచ్చి, చెవుల వెనక కోసి, చర్మాన్ని కండ మీద నుంచి లేపి, కత్తిరించి మళ్లీ కుట్టే నెక్ లిఫ్ట్ అనే పనిని ఆపరేషన్ అనకపోతే ఏమంటారు?

ఎవరి మెడ వాళ్లిష్టం, సంపాదించుకున్న డబ్బుతో అందంగా కనపడాలనుకోవడం తప్పు కాదు, ఇన్నాళ్లూ దీనికోసం చెన్నై పోవాల్సి వచ్చేది ఇప్పుడు ఇక్కడే దొరుకుతుంటే మంచిదే కదా అనే వాళ్లున్నారు. కాదని మేమూ అనం. సరైన సర్జన్ చేతిలో నెక్ లిఫ్ట్ మంచి ఫలితమే ఇస్తుంది, దశాబ్దాలుగా చేస్తున్న ఆపరేషనే ఇది. మా గొడవ ఆపరేషన్ మీద కాదు, దాని పేరు దాచిపెట్టి అమ్మడం మీద.

పేరు దాస్తే ఏమవుతుందో కావలి నుంచి మా పత్రిక డెస్క్‌కి ఫోన్ చేసిన ఒక అమ్మ మాటల్లో తెలిసిపోయింది. కూతురి పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది, ఫొటోల్లో గడ్డం కింద సంచి కనపడకుండా ఉండాలని అడ్వాన్స్ కట్టేసింది, బీపీకి మందులు వాడుతోంది, రోజూ రక్తం పల్చబడే ఎకోస్ప్రిన్ కూడా వేసుకుంటోంది, ఇవేవీ అవతల వాళ్లు అడగలేదు ఈమె చెప్పలేదు, ఎందుకంటే ఫేషియల్‌కి పోతూ బీపీ సంగతి ఎవరు చెప్తారు? ఆపరేషన్ అనే ఒక్క మాట అవతల వాళ్లు చెప్పి ఉంటే ఆమె ముందు తన డాక్టర్ దగ్గరికి పోయేది, ఇంట్లో అందరితో మాట్లాడేది, ముహూర్తం చూసుకుని డేట్ మార్చుకునేది.

కాబట్టి ఫ్లెక్సీ మీద రాయనిది ఇక్కడ మేము రాస్తున్నాం. మెడ ముందు భాగంలో చర్మం కిందే పల్చగా పరుచుకున్న కండ ఒకటుంటుంది, ప్లాటిస్మా అంటారు. వయసు పెరిగే కొద్దీ అది మధ్యలో విడిపోయి రెండు తాళ్లలాగా పైకి తేలుతుంది, దాని మీద చర్మం సాగి వేలాడుతుంది, కొందరికి కొవ్వు కూడా చేరుతుంది. నెక్ లిఫ్ట్‌లో గడ్డం కింద చిన్న కోత పెట్టి ఆ కండ అంచుల్ని దగ్గరికి లాగి కుట్టేస్తారు, అవసరమైతే కొవ్వు తీస్తారు, చెవి చుట్టూ వెనక జుట్టులోకి ఇంకో కోత పెట్టి మిగిలిన చర్మాన్ని పైకి లాగి ఎక్కువైంది కత్తిరిస్తారు. మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల పని. మొత్తం మత్తు ఇచ్చి గానీ, నిద్రమత్తుతో పాటు ఆ చోట మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి గానీ చేస్తారు, ఏ పద్ధతిలో చేసినా మత్తు డాక్టర్ పక్కన ఉండాల్సిందే. గంటలో అయిపోద్ది అని రాసినోళ్లు ఇందులో ఏ ముక్క వదిలేస్తారో వాళ్లే చెప్పాలి.

అయిపోయాక గడ్డం కింద నుంచి తల చుట్టూ బిగుతుగా బెల్ట్ వేస్తారు. లోపల చేరే రక్తం, నీరు బయటికి రావడానికి కొందరికి సన్నటి గొట్టం పెడతారు, ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. తలకింద ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరిగి పడుకునే అలవాటున్నోళ్లకి ఇదే పెద్ద నరకం. మెడ గట్టిగా పట్టేసినట్టు ఉంటుంది, నొప్పి మాత్రలతో తగ్గేదే. కుట్లు ఐదు నుంచి పది రోజుల మధ్య తీస్తారు. కమిలిన మచ్చలూ వాపూ చాలావరకు తగ్గడానికి రెండు వారాలు, అదీ అన్నీ సరిగ్గా జరిగితే. బరువులెత్తడం, వంగి చేసే పనులు, జిమ్ము రెండు మూడు వారాలు బంద్, మెడ తిప్పలేనన్నాళ్లు బండి నడపడం కుదరదు, గడ్డం కింద స్ట్రాప్ బిగించే హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు. చెవి తమ్మె దగ్గర వారాలు, ఒక్కోసారి నెలలు మొద్దుబారి ఉంటుంది, కమ్మ పెట్టుకునేటప్పుడు గుచ్చుకున్నా తెలీదు. అసలు ఆకారం కనపడేది మూడు నెలల తర్వాతే, కొందరికి ఆరు నెలలు. ఇరవై రోజుల్లో పెళ్లి పెట్టుకున్న తల్లికి ఎవరైనా ఈ లెక్క చెప్పారా? మన రోహిణీకార్తె ఎండలో ఆ బెల్ట్ కింద చెమట పట్టి ఎలా ఉంటుందో, పచ్చి మచ్చ మీద ఎండ తగిలితే నల్లబడుతుందని, అదీ చెప్పాల్సిన మాటే.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెట్టింది మాత్రం అదే రోజు ఇంటికి అనే ముక్క. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా వచ్చే తంటా చర్మం కింద రక్తం గడ్డకట్టడం, డాక్టర్లు హెమటోమా అంటారు. సాధారణంగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, బీపీ కంట్రోల్‌లో లేని వాళ్లకి, మగవాళ్లకి ముప్పు ఎక్కువ. మెడ ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బడం, ఆ పక్కే నొప్పి పెరగడం దాని గుర్తు, పెద్దదైతే గొంతు మీద ఒత్తిడి పడి ఊపిరి ఆడదు, అప్పుడు నిమిషాల మీద కుట్లు విప్పి రక్తం తీసేయాలి. పెద్ద సెంటర్లలో కూడా కొందరిని అదే రోజు పంపుతారు నిజమే, కానీ దగ్గర్లో ఉండమని చెప్పి, రాత్రంతా తోడు మనిషి ఉండాలని చెప్పి, ఏ టైములో ఫోన్ చేసినా ఎత్తే సర్జన్ నంబర్ ఇచ్చి పంపుతారు. ఇక్కడ సంగతేంది? ఆదివారం పొద్దున చెన్నై నుంచి వచ్చే విజిటింగ్ సర్జన్, నలుగురికి చేసి సాయంత్రం కారెక్కి హైవే మీద వెళ్లిపోతాడు, పేషెంటు ఏ ఉదయగిరికో కనిగిరికో బస్సులో పోతుంది. రాత్రి రెండు గంటలకి మెడ ఉబ్బితే ఆ కుట్లు ఎవరు విప్పాలి? క్లినిక్‌లో పడుకునే అటెండరా? ఆపరేషన్ అని చెప్పుంటే ఈ ప్రశ్న పేషెంటే అడిగేది, రాత్రికి డాక్టర్ ఎవరుంటారండీ అని. ప్రొసీజర్ అన్నారు కాబట్టే అడగలేదు.

ఇంకా ఉన్నాయి. కింది పెదవిని కదిపే నరం ఆ దవడ అంచునే పోతుంది, దానికి దెబ్బ తగిలితే నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకి పోతుంది, చాలామందికి వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది, అరుదుగా కొందరికి మిగిలిపోతుంది. సిగరెట్ తాగేవాళ్లకి లేపిన చర్మానికి రక్తం సరిగ్గా అందక నల్లబడి చచ్చిపోయే ముప్పు ఉంది, అందుకే ముందూ వెనకా కనీసం నాలుగేసి వారాలు మానేయమంటారు. పొగాకు పండించే ఒంగోలు, కందుకూరు ప్రాంతంలో ఈ ప్రశ్న అడక్కుండా కత్తి పట్టుకోవడం ఎంత నిర్లక్ష్యం? షుగర్ ఉంటే పుండు మానడం ఆలస్యం. రక్తం పల్చబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టర్ని అడిగి తేల్చాలి, క్లినిక్ రిసెప్షన్‌లో పిల్ల చెప్పే మాట కాదది. ఇంకోటి, గడ్డం కింద, మెడ మీద ఉబ్బంతా కొవ్వే అనుకోవద్దు, థైరాయిడ్ గడ్డ కావచ్చు, ఇంకేదైనా గడ్డ కావచ్చు, చేత్తో పట్టి చూసి అవసరమైతే స్కాన్ తీయించాకే మిగతా మాటలు. వాట్సాప్‌లో ఫొటో పంపితే రేటు చెప్పేస్తున్నారు ఇప్పుడు. అన్నీ బాగా జరిగినా వయసు ఆగదు, చర్మం కొన్నేళ్లకి మళ్లీ సాగుతుంది, బరువు పెరిగి తగ్గితే ఇంకా ముందే సాగుతుంది.

డబ్బు సంగతి కూడా అంతే. అందం కోసం చేసే సర్జరీకి ఇన్సూరెన్స్ రాదు, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) రాదు. మిగతా వైద్యానికి చాలావరకు లేని జీఎస్టీ దీనికి 18 శాతం ఉంది, పుట్టుకతో వచ్చిన లోపానికో ప్రమాదంలో అయిన గాయానికో అయితే తప్ప. అంటే సరైన బిల్లు ఉండాలి, బిల్లులో ఏం చేశారో రాయాలి. తెల్లకాగితం మీద అంకె రాసిచ్చి క్యాష్ తీసుకుంటున్నారంటే అక్కడ కూడా ఆపరేషన్ అనే మాట రాయకుండా తప్పించుకుంటున్నట్టే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు పేషెంట్లని పిలుచుకునేలా ప్రచారం చేసుకోకూడదు, ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు, అడ్రస్ మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు, ఫీజులు తెలియజేయడానికి, ఇలాంటి కొన్నిటికే పేపర్లో ప్రకటన ఇవ్వొచ్చు, పండగ ఆఫర్ ఆ లిస్టులో లేదు. అందుకే ఫ్లెక్సీ మీద డాక్టర్ పేరుండదు సెంటర్ పేరే ఉంటుంది, పేరు లేకపోతే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా అక్కర్లేదు కదా! 2022 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, ఇలాంటి ప్రొసీజర్ల గురించి చెప్తూ వర్క్‌షాపులో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది శిక్షణ కింద లెక్కకి రాదని తేల్చింది. ఎంబీబీఎస్ అయ్యాక జనరల్ సర్జరీ, దాని మీద మళ్లీ మూడేళ్లు ప్లాస్టిక్ సర్జరీ చదివిన వాళ్లున్నారు, వారాంతం కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించిన వాళ్లూ ఉన్నారు, బయట బోర్డు మీద ఇద్దరూ కాస్మెటిక్ నిపుణులే. సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగానే చెప్పింది, చేసేదేంటి, ఎందుకు, వేరే మార్గాలేంటి, ముప్పులేంటి అన్నీ పేషెంటుకి తెలియాలి అప్పుడే అది సమ్మతి. ఆపరేషన్ అనే మాటే చెప్పకుండా ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం మీద వేలు పెట్టి చూపించి సంతకం పెట్టించుకుంటే దాన్ని సమ్మతి అంటారా?

దీన్ని ఇప్పుడు వదిలేస్తే రేపు ఇదే దారి అందరికీ అలవాటవుతుందనేదే మా ఆందోళన. మొదట జుట్టు అన్నారు, మనం ఊరుకున్నాం. తర్వాత కొవ్వు కరిగించడం అన్నారు, ఊరుకున్నాం. 2022 మే నెలలో బెంగళూరులో కొవ్వు తీయించుకోడానికి వెళ్లిన 21 ఏళ్ల కన్నడ సీరియల్ నటి చనిపోయింది, తల్లిదండ్రులకి చెప్పకుండా వెళ్లిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ నాలుగు రోజులు అందరం మాట్లాడుకున్నాం తర్వాత మర్చిపోయాం. ఇప్పుడు మెడ వచ్చింది. మెడని ప్రొసీజర్ అని అమ్మనిస్తే ఆ పక్కనే పొట్ట కోతని ప్యాకేజీ అని అమ్ముతారు, దాని ఫ్లెక్సీ కూడా అదే కరెంటు స్తంభానికి కడతారు, అప్పుడు మనం అడగడానికి మొహం ఉండదు, మెడ దగ్గర ఏం చేశారు అంటారు. కావలి, కందుకూరు, పొదిలి లాంటి ఊళ్లకి ఈ బ్రాంచీలు దిగకముందే ఆపాలి.

ఇందులో మా పేపర్లకీ వాటా ఉంది. ఇలాంటి ప్రకటనలు వేసి డబ్బు తీసుకుని లోపలి పేజీలో సంపాదకీయం రాస్తే పాఠకుడు మమ్మల్ని నిలదీయాలి, నిలదీయడం న్యాయం కూడా. ఆపరేషన్ అనే మాట, డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ మూడూ ఉంటే తప్ప ఏ కాస్మెటిక్ సర్జరీ ప్రకటనా తీసుకోవద్దని మా యాడ్స్ విభాగానికి ఈ రోజే చెప్పాం.

మరి జిల్లా వైద్య ఆరోగ్య అధికారుల (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులు ఏం చేస్తున్నాయి? నెల్లూరులోనూ ఒంగోల్లోనూ ఈ ఫ్లెక్సీలు కనపడని దారిలో పోతున్నారా అధికారులు? ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ చట్టం 2002 నుంచీ ఉంది, ఏ క్లినిక్ దేనికి రిజిస్టర్ అయ్యిందో మీ ఫైళ్లలోనే ఉంటుంది, చర్మ క్లినిక్ అని రాయించుకున్న చోట ఆపరేషన్ థియేటర్ ఎలా వచ్చిందో, మత్తు డాక్టర్ ఎవరో, ఆదివారం రాత్రి డ్యూటీలో ఎవరున్నారో వెళ్లి చూడండి. ఏదైనా జరిగాక సీల్ వేసి కెమెరాల ముందు నిలబడటం మీకు బాగా అలవాటే, ఈసారి జరగకముందు కదలండి. క్లినిక్ వాళ్లకి మేము చెప్పేది చాలా చిన్నది, మీ ఫ్లెక్సీలో ఆ మేకోవర్ అనే మాట కొట్టేసి అంతే సైజు తెలుగు అక్షరాల్లో ఆపరేషన్ అని రాయండి. రాశాక ఎంతమంది అడ్వాన్స్ కడతారో చూద్దాం. తగ్గిపోతారని మీకు తెలుసు, అందుకే రాయట్లేదు.