రాజేశ్వరికి ఇల్లు అద్దెకివ్వొచ్చా?

మనవాళ్లు నవల చదవరు. నవలలో అమ్మాయిని చూసుకోడానికి వెళ్తారు. పెళ్లిచూపులకి వెళ్లినట్టే వెళ్లి, నడిపించి, పాట పాడించి, జడ అసలుదో సవరమో తేల్చుకుని, "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేచొస్తారు. ఈ విషయం మీద ఆరు వారాలుగా నేను విచారణ జరుపుతున్నాను. నన్నెవరూ నియమించలేదు, ఎవరూ పైసా ఇవ్వడం లేదు, కాబట్టి నా నిష్పాక్షికతని శంకించక్కర్లేదు.

విచారణకి ఆధారం ఒక పుస్తకం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వంద చెప్పినవాణ్ణి అరవైకి దింపి కొన్న పాత 'మైదానం'. 1927 నాటి చలం నవల. చదవనివాళ్లకి రెండు ముక్కల్లో కథ: రాజేశ్వరి ఒక వకీలు భార్య, అమీర్‌తో వెళ్లిపోయి ఊరికి దూరంగా మైదానంలో గుడిసెలో ఉంటుంది, తర్వాత మీరా అనే కుర్రాడొస్తాడు, చివరికి ఆవిడ జైల్లో తేలుతుంది. 'లేచిపోయింది' అన్న మాటంటే తనకెంత కష్టమో కథ మొదట్లోనే చెప్పుకుంటుంది పాపం. దాదాపు వందేళ్లుగా పాఠకులు ఆ విన్నపాన్ని ఓపిగ్గా విని, "అదే, లేచిపోయిందే, ఆవిడేనా?" అంటున్నారు. చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడంటారు గానీ అసలు ఇన్‌స్పెక్షన్ చేసింది పాఠకులే.

నా కాపీకి అంతకుముందు కనీసం ముగ్గురు యజమానులు. మొదటి పేజీల్లోనే నీలం సిరాతో, గుండ్రటి మాస్టారి దస్తూరీలో, "సిగ్గులేనిది" అని ఉంది. దాని కింద ఎర్ర బాల్‌పెన్నుతో "నీకుందిగా, చాలు" అని. పక్కన పెన్సిల్‌తో, బొత్తిగా చిన్న అక్షరాలతో, "సూపర్". ఇలా పేజీ పేజీకీ కొట్టుకున్నారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఉండరు, అయినా ఇంత ఆప్యాయంగా తిట్టుకున్నారంటే అది రాజేశ్వరి చలవే.

మొదటి సాక్షి మా నల్లకుంట హౌస్ ఓనర్ గారు. గేటు దగ్గర నీళ్ల ట్యాంకర్ కోసం నిలబడి ఉంటే కథ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"ఆమె వెజ్జా, నాన్‌వెజ్జా సార్?"

"పుట్టింది బ్రాహ్మల ఇంట్లో."

"మరి ఆయన?"

"అమీర్ అని..."

"పోర్షన్ ఖాళీ లేదు సార్. నిన్ననే అడ్వాన్స్ ఇచ్చిపోయిన్రు."

ఆయన వెనకాల గేటుకి టు-లెట్ బోర్డు గాలికి ఊగుతోంది. నేను అద్దెకి అడగడం లేదనీ, వాళ్లు నవలలో మనుషులనీ చెప్పాక కాస్త స్థిమితపడి, సాహిత్య విమర్శలోకి దిగారు. అసలు ఏటి పక్కన ఎవరైనా గుడిసె వేస్తారా? బఫర్ జోన్ కాదూ? 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువుల పక్కన బిల్డింగులకే దిక్కులేదు, నవలలో లోపమంతా అక్కడే ఉందన్నారు. మైదానం మీద ఇంత మౌలికమైన విమర్శ నేనింతవరకు ఎక్కడా చదవలేదు.

రెండో సాక్షి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా మేనకోడలు. ఈ పిల్లయినా రాజేశ్వరి పక్షాన నిలబడుతుందని ఆశపడ్డాను, మొదటి యాభై పేజీలకి స్టేటస్‌లో 'క్వీన్' అని పెట్టింది కూడా. తర్వాత అమీర్ ఇంకో అమ్మాయి మీద మనసు పడటం, ఆ అమ్మాయిని బతిమాలడానికి రాజేశ్వరే బయల్దేరడం వచ్చాక స్టేటస్ తీసేసి నాకు ఫోన్ చేసింది. "మామయ్యా, ఈవిడ మోసం చేసింది." ఎవర్నే అంటే, "నన్నే. స్వేచ్ఛ కోసం వెళ్లి ఇదేం పని? వాడు నడిచే రెడ్ ఫ్లాగ్ కదా!" నిజం చెప్పాలంటే ఆ ఘట్టం దగ్గర నాకూ ఒళ్లు మండింది. కానీ మనందరికీ క్వీన్‌గా ఉంటానని రాజేశ్వరి ఎక్కడా సంతకం పెట్టలేదు కదా. ఒకరికి పతివ్రత కాలేదని కోపం, ఇంకొకరికి నాయకురాలు కాలేదని కోపం.

మా మామగారు చలాన్ని యవ్వనంలో ఫిజిక్స్ పుస్తకం లోపల పెట్టుకుని చదివినవారు, ఇప్పుడూ అట్టకి న్యూస్‌పేపర్ చుట్టే చదువుతారు. "రచన మహాద్భుతం, మనిషే మంచిది కాదు" అని తీర్పిచ్చారు. అత్తయ్యగారు చదివారా అంటే, "ఆవిడకెందుకయ్యా ఇవన్నీ" అన్నారు. వంటింట్లోంచి జవాబొచ్చింది: "రెండుసార్లు చదివాను. ప్రేమ సంగతి సరే, ఆ గుడిసెలో గిన్నెలు ఎవరు తోమారు?" మామగారు లేచి ఫ్యాన్ స్పీడు పెంచారు.

ఇక మగపాత్రల సంగతికొస్తే విచారణ చాలా తొందరగా ముగిసింది, ఎందుకంటే ఫైలే లేదు. ఇదేం కొత్త జబ్బు కాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం ఎన్ని వేషాలేసినా ఇప్పటికీ 'మన గిరీశమే', మధురవాణికి మాత్రం తలా ఒకటి చొప్పున క్యారెక్టర్ సర్టిఫికెట్ రాస్తూనే ఉన్నారు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో కోమలికి, అమృతానికి, సుశీలకి, ఇందిరకి సబ్జెక్టులవారీగా మార్కులేస్తాం. దయానిధికి గ్రేస్ మార్కులు. వాళ్లమ్మ గురించి లోకం ఆడిపోసుకుంది కదా పాపం, కన్‌ఫ్యూజన్‌లో ఉన్నాడు.

నా కాపీలో రాజేశ్వరి కడుపుతో ఉండటం, అమీర్ ఆ బిడ్డ వద్దని పట్టుబట్టడం ఉన్న పేజీ తీసి దీపం కింద పెట్టి మరీ చూశాను. నీలం సిరా లేదు. ఎర్ర పెన్ను లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో మాత్రం ఇలా ఉంది: "పాలు 2, పెరుగు 1, గ్యాస్ బుక్ చేయాలి." వకీలు కనబడిన చోట నీలం సిరా మళ్లీ దర్శనమిచ్చింది: "పాపం!" కింద రెండు గీతలు.

విచారణ ఏకపక్షంగా ముగిస్తే బాగుండదని మర్నాడు మళ్లీ గేటు దగ్గరికెళ్లాను. సరే, రాజేశ్వరికి ఇవ్వరు, అమీర్‌కి ఇవ్వరు, ఆ మొగుడుగారికి ఇస్తారా, పెద్దమనిషి, సొంత ప్రాక్టీసు, మద్యం లేదు మాంసం లేదు అని అడిగాను. ఓనర్ గారు ఈసారి అమీర్ పేరు విన్నప్పటికంటే ఎక్కువ భయపడ్డారు.

"వకీలా? వద్దు సార్. ఖాళీ చెయ్యరు."

ఇన్నేళ్లలో ఆ వకీలు మీద నేను విన్న ఒకే ఒక్క ఆరోపణ ఇది. రికార్డులో చేర్చాను.