బుల్లి ఫోన్ కొంటే రోజూ వాడండి, డ్రాయర్‌లో పెట్టుకోడానికైతే వద్దు

మూడు అంగుళాల స్క్రీన్ ఉన్న బుల్లి స్మార్ట్‌ఫోన్ మీద ఎవరు రివ్యూ చేసినా చివర్లో ఒకటే తీర్పు. ముద్దుగా ఉంది, జేబులో ఉన్నట్టే తెలీదు, కానీ మెయిన్ ఫోన్‌గా కష్టం, బ్యాకప్‌కైతే సూపర్. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించరు. నాకు మాత్రం ఇది తలకిందులుగా కనిపిస్తోంది. రోజూ వాడేవాళ్లకి బుల్లి ఫోన్ పనికొస్తుంది, కొన్ని తిప్పలు పడ్డా సరే. అవసరానికి ఉంటుందిలే అని కొని పక్కన పడేసుకునేవాళ్లకే అది హ్యాండ్ ఇస్తుంది.

అసలు చిన్నది అంటే ఎంత అన్నది కూడా ఏళ్ల తరబడి మారుతూనే ఉంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ స్క్రీన్ మూడున్నర అంగుళాలు, అప్పట్లో అదే పెద్ద స్క్రీన్ కింద లెక్క. 2011లో శాంసంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెస్తే చెవి దగ్గర పలక పెట్టుకున్నట్టుందని నవ్వినవాళ్లు బోలెడుమంది. 2020కి వచ్చేసరికి ఆపిల్ 5.4 అంగుళాల ఫోన్‌కి మినీ అని పేరు పెట్టి అమ్మింది. స్క్రీన్ చుట్టూ అంచులు బాగా సన్నబడ్డాయి కాబట్టి చేతిలో పట్టుకుంటే ఆ రెండూ ఒకే సైజు కాదు, నిజమే, కానీ జనం కళ్లు పెద్ద స్క్రీన్‌కి ఎంత అలవాటు పడిపోయాయో ఆ పేరు చూస్తేనే అర్థమవుతుంది. ఆ మినీ కూడా ఎన్నాళ్లో నిలవలేదు, 2021లో ఐఫోన్ 13 మినీ వచ్చింది, 2022లో దాని స్థానంలోకి 6.7 అంగుళాల ప్లస్ వచ్చి కూర్చుంది. సోనీ కాంపాక్ట్ ఫోన్లు 2018తోనే ఆగిపోయాయి. ఏసుస్ 2023 దాకా 5.9 అంగుళాల జెన్‌ఫోన్ చేసి ఆ మరుసటి ఏడాది ఒక్కసారిగా 6.78కి ఎగబాకింది. పెబుల్ వాచ్ తెచ్చిన ఎరిక్ మిజికోవ్‌స్కీ అయితే 2022లో చిన్న ఆండ్రాయిడ్ ఫోన్ కావాలని ఏకంగా సంతకాల సేకరణే పెట్టాడు, 50 వేలమంది పేరిస్తే ఏదో ఒక కంపెనీని ఒప్పించొచ్చని.

అడిగేవాళ్లు గట్టిగా అడుగుతారు, కొనేటప్పుడు మాత్రం షోరూమ్‌లో పక్కనే ఉన్న పెద్దదాన్ని చేతిలోకి తీసుకుంటారు. చిన్న ఫోన్ కథ అంతా ఇక్కడే ఉంది.

పెద్ద కంపెనీలు వదిలేసిన ఈ చోటులో గట్టిగా నిలబడింది షాంఘైకి చెందిన యూనిహెర్ట్జ్. 2017లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో జనం దగ్గర ముందే డబ్బులు పోగేసి జెల్లీ అని 2.45 అంగుళాల ఫోన్ చేసింది, 2020లో జెల్లీ 2, 2023లో జెల్లీ స్టార్, ఈ రెండూ మూడు అంగుళాలు. స్పెసిఫికేషన్లు చూస్తే బొమ్మ ఫోనేం కాదు, జెల్లీ స్టార్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ, మెమరీ కార్డు స్లాట్, ఇయర్‌ఫోన్ జాక్, టీవీ రిమోట్‌లా వాడుకోడానికి ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉన్నాయి. చాలా పెద్ద ఫోన్లలో ఇప్పుడు ఇయర్‌ఫోన్ జాక్ వెతికినా దొరకదు, ఇందులో ఉంది.

ఇక బ్యాటరీ. మొదటి జెల్లీలో 950 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), 2018లో వచ్చిన బుల్లి పామ్ ఫోన్‌లో 800. మామూలు ఫోన్లలో ఇప్పుడు 5000 అంటే పెద్ద విశేషం కాదు కదా, దాని పక్కన పెట్టి చూడండి. జెల్లీ స్టార్‌లో దీన్ని 2000 దాకా లాగారు, అందుకోసం ఫోన్ మందం దాదాపు 19 మిల్లీమీటర్లు అయింది, అంటే పొడవు వెడల్పుల్లో మిగిల్చింది మందంలో కక్కించారు. స్క్రీన్ చిన్నది కాబట్టి కరెంటు కూడా తక్కువే తింటుంది అంటారు, ఆ మాట సగమే నిజం. స్క్రీన్ వరకూ తక్కువే తింటుంది. కానీ లోపల టవర్‌తో మాట్లాడే మోడెమ్ చిన్నదైపోదు, టవర్ ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా సిగ్నల్ పంపాల్సిందే, వెనకాల మెయిల్, మెసేజీలు, ఫొటో బ్యాకప్ చేసే పని పెద్ద ఫోన్లో ఎంతో ఇక్కడా అంతే. ఖర్చు అలాగే ఉండి పర్సు మాత్రం చిన్నదైంది. దాంతోపాటు ఇంకో నష్టం, చిన్న బ్యాటరీని రోజూ పూర్తిగా ఖాళీ చేసి పూర్తిగా నింపుతాం కాబట్టి దాని చార్జింగ్ సైకిళ్లు తొందరగా అయిపోతాయి, పెద్ద బ్యాటరీ కంటే ముందే ముసలిదవుతుంది.

ఇప్పుడు బ్యాకప్ ఫోన్ ఎప్పుడు బయటికి తీస్తామో ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రయాణంలో మెయిన్ ఫోన్ పోయినప్పుడు, నీళ్లలో పడినప్పుడు, స్క్రీన్ పగిలినప్పుడు, చార్జింగ్ పెట్టే చోటు లేనప్పుడు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు. అంటే బ్యాటరీ ఎక్కువ కావాల్సినప్పుడు, మోడెమ్ ఎక్కువ కష్టపడాల్సినప్పుడు, మనమేమో కంగారులో తప్పులు ఎక్కువ కొట్టేటప్పుడు. సరిగ్గా ఈ మూడింట్లోనే బుల్లి ఫోన్ బలహీనం. లాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇద్దామంటే అది ఇంకా పెద్ద తంటా, వేడి బయటికి పోయేంత జాగా ఉండదు, చార్జి కళ్లముందే జారిపోతుంది.

అసలు అంతదాకా కూడా వెళ్లక్కర్లేదు. నెలల తరబడి డ్రాయర్‌లో పడున్న ఫోన్ తీసి ఆన్ చేస్తే ఏమవుతుందో చూడండి. లిథియం బ్యాటరీ ఊరికే ఉన్నా మెల్లగా దిగిపోతూ ఉంటుంది, పూర్తిగా సున్నాలో వదిలేస్తే దెబ్బతింటుంది, సగం చార్జిలో పెట్టి మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి, అలా చూసుకునేవాళ్లు ఎంతమంది? సరే, ఆన్ అయింది అనుకుందాం. యాప్‌లన్నీ పాతబడి అప్‌డేట్ అడుగుతాయి. వాట్సాప్ 2023 నుంచి ఒకే అకౌంట్‌ని ఇంకో నాలుగు డివైజ్‌ల దాకా లింక్ చేసుకోనిస్తోంది, ఆ నాలుగూ ఫోన్లే అయినా సరే, చాలా మంచి సౌకర్యం, కానీ మెయిన్ ఫోన్ 14 రోజులకు మించి వాడకపోతే లింక్ చేసినవన్నీ లాగౌట్ అయిపోతాయి. బ్యాంకు యాప్‌లు చాలావరకు ఫోన్‌లో ఉన్న సిమ్‌ని చూసి గానీ తెరుచుకోవు, ఆ సిమ్మేమో పోయిన ఫోన్లోనే ఉంది. ఓటీపీ కూడా దానికే వెళ్తుంది. ఇసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్) అయితే కొత్త ఫోన్లోకి మార్చుకోడానికి మళ్లీ ఏదో ఒక వెరిఫికేషన్, అది కూడా పాత నంబరుకే వచ్చే అవకాశం ఉంది. ఇన్ని ముళ్లు విప్పేపని మూడు అంగుళాల స్క్రీన్ మీద, అదీ తొందరలో!

కీబోర్డు సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది తేలిగ్గా దాటేస్తారు. జెల్లీ స్టార్ స్క్రీన్ 480 బై 854 పిక్సెళ్లు, లెక్క కడితే అంగుళానికి 326 పిక్సెళ్లు, 2010లో ఐఫోన్ 4కి రెటీనా అని గొప్పగా చెప్పుకున్న సాంద్రత ఇదే. కాబట్టి అక్షరాలు మసకగా ఏమీ ఉండవు, సమస్య స్పష్టతది కాదు, జాగాది. స్క్రీన్ వెడల్పు సుమారు 37 మిల్లీమీటర్లు, పై వరసలో పది కీలు పట్టాలి, అంటే ఒక్కో కీకి మూడుంబావు, నాలుగు మిల్లీమీటర్ల మధ్యలో వస్తుంది. 6.7 అంగుళాల ఫోన్లో అదే కీకి ఏడు దాకా ఉంటుంది. ముట్టుకునే బటన్ ఏదైనా దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు ఉంటే మంచిదని గూగుల్ యాప్‌లు చేసేవాళ్లకి చెప్తుంది, దానితో పోలిస్తే మనం ఎక్కడున్నాం? ఇంగ్లీషు అక్షరాలు కొట్టేటప్పుడు ఆటోకరెక్ట్ ఎలాగోలా నెట్టుకొస్తుంది. తెలుగు లేఅవుట్ పెట్టుకుంటే అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ అదే కాస్త చోటులో ఇరుక్కోవాలి, పొరపాటున పక్క కీ తగిలితే పదం రూపమే మారిపోతుంది, ఆటోకరెక్ట్ కూడా తెలుగులో అంత తెలివైనదేం కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకోవడం, లేదంటే వాయిస్ టైపింగ్, ఈ రెండే దారులు. వాయిస్ టైపింగ్ బుల్లి ఫోన్‌కి నిజంగా ప్రాణం పోసింది అంటాను నేను, పదేళ్ల క్రితం ఇంత చిన్నదాంట్లో ఇంత మెసేజ్ పంపగలిగేవాళ్లం కాదు. నలుగురి మధ్యలో ఉన్నప్పుడు పాస్‌వర్డ్ గట్టిగా చదవలేం కదా, అక్కడ మాత్రం మళ్లీ వేలే గతి.

యాప్‌లు కూడా ఇంత చిన్న స్క్రీన్‌ని దృష్టిలో పెట్టుకుని చెయ్యరు. ఫారం నింపుతుంటే కీబోర్డు పైకి లేచి కింద ఉన్న సబ్మిట్ బటన్‌ని కప్పేస్తుంది, వెనక్కి కొడితే నింపిందంతా పోతుంది. షరతులకి ఒప్పుకుంటున్నాను అనే డబ్బా సగం తెగి కనిపిస్తుంది. డిస్‌ప్లే సైజు సెట్టింగ్ తగ్గిస్తే బటన్ కనబడుతుంది, కానీ అక్షరం చీమంత అవుతుంది. నలభై దాటి దగ్గర చూపు మందగించినవాళ్లకి ఇది ఆదిలోనే ఆగిపోయే వ్యవహారం, కళ్లజోడు లేకుండా వాడలేని ఫోన్ ఎంత చిన్నదైతే ఏం లాభం.

ఇన్ని తిప్పలు చెప్పి కూడా రోజూ వాడేవాళ్లకి పనికొస్తుంది అంటున్నానంటే కారణం ఉంది. ఈ తిప్పల్లో చాలావాటికి మందు అలవాటే. రోజూ వాడితే రోజూ చార్జింగ్ పెడతాం, యాప్‌లు తాజాగా ఉంటాయి, సిమ్ అందులోనే ఉంటుంది, బొటనవేలికి ఆ కీబోర్డు కొలత తెలిసిపోతుంది, ఏ యాప్‌లో ఏ బటన్ తెగిపోతుందో గుర్తుంటుంది. ముఖ్యంగా, ఏ పని ఫోన్లో చెయ్యాలి ఏ పని లాప్‌టాప్‌కో టాబ్లెట్‌కో వదిలెయ్యాలి అన్నది దానంతట అదే విడిపోతుంది. కాల్స్, మెసేజీలు, పాటలు, దారి చూసుకోవడం, క్యూఆర్ కోడ్ స్కాన్, ఓటీపీ, అంతవరకు ఇక్కడ. పెద్ద మెయిల్, టికెట్ బుకింగ్, ఫారాలు, ఎక్సెల్ షీట్లు ఇంటికెళ్లాక. ఇంట్లోనో ఆఫీసులోనో ఒక పెద్ద స్క్రీన్ ఎలాగూ ఉన్న మనిషికి ఈ పంపకం పెద్ద కష్టం కాదు. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి, చదువు పని వినోదం అన్నీ అందులోనే అయినవాళ్లకి, ఈ సలహా అస్సలు వర్తించదు.

ఫోన్ వ్యసనం తగ్గుతుందా అని అడుగుతారు. కొంచెం తగ్గుతుంది, అమ్మేవాళ్లు చెప్పేంత మాత్రం కాదు. రీల్స్ మూడు అంగుళాల్లో కూడా ఆడతాయి, చూడాలనుకున్నవాడు కళ్లు చికిలించి మరీ చూస్తాడు. మార్పు ఎక్కడొస్తుందంటే వార్త చదవడం మొదలుపెట్టి నాలుగు లింకులు దాటి ఎక్కడికో వెళ్లిపోయే ప్రయాణం విసుగొచ్చి మధ్యలో ఆగిపోతుంది.

ఈ మెయిన్, బ్యాకప్ గొడవ బాగా అనుభవంలోకి వచ్చింది పామ్ ఫోన్‌తో. 3.3 అంగుళాల స్క్రీన్, క్రెడిట్ కార్డు సైజు, 2018లో అమెరికాలో వెరైజన్ అనే మొబైల్ ఆపరేటర్ దాన్ని విడిగా అమ్మలేదు, మీ పెద్ద ఫోన్‌కి తోడుగా అదే నంబరు మీద నడిచే రెండో ఫోన్‌గానే ఇచ్చింది. సాయంత్రం నడకకి వెళ్తే చిన్నది పట్టుకెళ్లండి, పెద్దది ఇంట్లో వదిలెయ్యండి అన్నది ఆలోచన. ఫోన్ పక్కన ఫోన్ ఎందుకని ఎగతాళి చేశారు, మాకు ఇదొక్కటే కావాలి అని అడిగినవాళ్లూ ఉన్నారు, చివరికి 2019లో విడి ఫోన్‌గా కూడా అమ్మకానికి పెట్టారు. అప్పటికి దాని 800 ఎంఏహెచ్ బ్యాటరీ ఆ బరువు మోసేలా లేదు, అది వేరే విషయం. కానీ తోడు ఫోన్ అనే ఊహ నిలబడలేదన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

రోజువారీకి ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది బ్యాటరీ కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు. చిన్న కంపెనీలు ఫోన్ అమ్మాక ఆండ్రాయిడ్ వెర్షన్లు మార్చడంలో పెద్ద కంపెనీలంత చురుగ్గా ఉండవు, బ్యాంకు యాప్ పెట్టుకునే ఫోన్‌కి ఇది చిన్న లోటు కాదు. తర్వాత నెట్‌వర్క్ బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు, మీ ఆపరేటర్ వాడే 4జీ బ్యాండ్లు ఆ ఫోన్లో ఉన్నాయా, దాని మీద వోల్టే కాల్స్ (4జీ మీదే నడిచే కాల్స్) పోతాయా అని కొనకముందే చూసుకోవాలి, 2జీ 3జీ మూసేస్తున్న చోట వోల్టే లేకపోతే అది కాల్ చెయ్యలేని ఫోన్ అయిపోతుంది. కెమెరా మీద ఆశలు పెట్టుకోకండి, డాక్యుమెంట్ ఫొటోకి సరిపోతుంది, పెళ్లి ఫొటోకి సరిపోదు.

బ్యాకప్ కావాలంటే ఏం చెయ్యాలి మరి? పోయినసారి మార్చిన పాత పెద్ద ఫోన్ ఇంట్లోనే ఉండుంటుంది, దానికి కొత్త బ్యాటరీ వేయించి, అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో చూసి, ఇంకో ఆపరేటర్ సిమ్ వేసి వారానికోసారి ఆన్ చెయ్యండి. ముద్దుగా ఉండదు. పని చేస్తుంది.

ఇక యూనిహెర్ట్జ్ 2024లో తెచ్చిన జెల్లీ మ్యాక్స్ స్క్రీన్ 5.05 అంగుళాలు, బ్యాటరీ 4000 ఎంఏహెచ్. బుల్లి ఫోన్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ కూడా పైకే చూస్తోంది. మూడుకీ అయిదుకీ మధ్యలో, నాలుగు అంగుళాల దగ్గర, బొటనవేలు స్క్రీన్ అంతా అందేలా, కీబోర్డు కూడా మనిషి వేలికి సరిపడేలా ఒక ఫోన్ చేసి దానికి అయిదేళ్లు అప్‌డేట్లు ఇస్తే నేను ఈ వ్యాసంలో సగం వెనక్కి తీసుకుంటాను. 2016లో ఆపిల్ సరిగ్గా ఆ సైజులో మొదటి ఐఫోన్ ఎస్ఈ చేసింది, దానికి అప్‌డేట్లు కూడా ఏళ్ల తరబడి ఇచ్చింది, కాబట్టి చెయ్యడం కుదరదని మాత్రం ఎవరూ అనలేరు.